కచ్చా కుట్టు

వానాకాలం గుణుపురంలో గుడ్డ ఆరదు.
పదహారు జెర్సీలు దండెం మీద
పదహారు మంది ఊపిరి బిగపట్టినట్టు వేలాడుతున్నాయి.

పోయినేడు పసుపు. ఈ యేడు నీలం.
పసుపు అచ్చిరాలేదని
రైసుమిల్లు షావుకారికి బరంపురం జ్యోతిష్కుడు చెప్పాడట.
సెమీఫైనల్లో ఆఖరి పెనాల్టీని
గోలు మీంచి ఆకాశానికి పంపింది ఆ రంగేనట,
దినబంధు కాలు కాదట.
జీతాలిచ్చేది షావుకారు,
నీలం దారం కొనుక్కున్నాను.

దసరా వెళ్లాక లీగు.
ఊరికి ఇప్పట్నుంచే జ్వరం.
పాసింజరు దిగినవాడు ఇంటికైనా పోకుండా
నా మిషను దగ్గర గొడుగు ముడుస్తాడు.
"గున్నమ్మా, గోలీ కొలతలిచ్చాడా?"
ఇచ్చాడు.
నడుము రెండంగుళాలు పెరిగింది.
ఆ మాట మాత్రం చెప్పను.
టేపుకు తెలిసినవన్నీ నోటికి తెలియక్కర్లేదు.

బారిక్ సెలూన్లో సగం గడ్డంతో లేచి నిలబడి
మిడ్‌ఫీల్డు ఎలా ఉండాలో చెబుతారు.
ఆటోస్టాండులో మేకపోతు పందెం కాశారు,
మేక ఇంకా పుట్టలేదు.
లైన్‌మన్‌గా రిటైరైన కూర్మారావు దగ్గరైతే
ఏకంగా నోటుపుస్తకమే ఉంది.
పంతొమ్మిదేళ్ల గోల్సు, కార్నర్లు, గాయాలు,
ఏ మ్యాచ్ రోజున ఇంట్లో ఏ కూరో కూడా.
ఎండ్రకాయల పులుసు తిన్ననాడు
మనవాళ్లు ఒక్కసారీ ఓడలేదట.
ప్రతి యేడూ మొదటి పేజీలో
"ఈసారి కప్పు మనదే" అని రాసుకుంటాడు.
పంతొమ్మిదిసార్లు.
సిరా మారింది గాని
అక్షరం వంకర పోలేదు.

గెలిస్తే మేం ఒడియాలో అరుస్తాం.
ఓడితే తెలుగులో తిట్టుకుంటాం.
సవరలో ఏమంటారో లిమ్మాని అడగాలి.

లిమ్మా గొమాంగో, పదో నంబరు,
పుట్టాసింగి కొండల కుర్రాడు.
రాయగడ గ్రౌండులో వాడు పడ్డప్పుడు
మోకాలి చప్పుడు గేలరీ పై మెట్టుదాకా వినిపించింది.
అది నేను విన్నాను.
పక్కన వేరుశెనక్కాయలు ఒలుస్తున్నవాళ్లు
ఒలవడం ఆపేశారు.

ఇప్పుడు ఎవరొచ్చినా
గోలీ దగ్గర మొదలుపెట్టి, వానలమీదుగా తిరిగి
చివరికి అడిగేది ఒకటే:
"పదో నంబరు వచ్చాడా?"

వచ్చాడు.
మొన్న రాత్రి, కరెంటు పోయాక.
మెట్టు మీద ముందు ఎడమకాలు వేశాడు,
రెండోదాన్ని దాని పక్కకి
దొంగసొత్తులా తెచ్చుకున్నాడు.
కొవ్వొత్తి వెలుగులో కొలిచాను.
ఛాతీ అంతే. భుజం అంతే.
కుడితొడ ఎడమదానికంటే అంగుళంన్నర తక్కువ.
టేపు మళ్లీ చుట్టాను. అంగుళంన్నరే.
"నిక్కరు వదులుగా కుట్టక్కా,
రెండువైపులా ఒకేలా కనపడాలి."

ఆడగలవా అని నేను అడగలేదు.
అక్కలా అడగాలో
టికెట్టు కొన్న ఊరిలా అడగాలో తేలక
ఆ చీకట్లో సూదికి దారం ఎక్కిస్తూ కూచున్నాను.
సూది దొరికింది, బెజ్జం దొరకలేదు.
పోతూ పోతూ తనే అన్నాడు,
"దసరాకి ఇంకా తొంభై రోజులుంది గదా."

తొంభై రోజుల్లో ఏటవుతుంది?
వంశధారలో నీళ్లు దిగుతాయి,
ఇసుక మీద పరుగెత్తొచ్చు.
జెర్సీ మీద ఒకటి పెట్టాను, సున్నా పెట్టాను,
మిషనెక్కించలేదు.
చేత్తో కచ్చా కుట్టు వేశాను.
కొస పట్టుకు లాగితే
గుడ్డకు గాటు పడకుండా ఊడొచ్చేస్తుంది.
కొస లోపలికి దోపేశాను.

తెల్లారగానే కూర్మారావు.
"పదో నంబరు?"
"గుడ్డ రాలేదు" అన్నాను.
లెక్కలవాడు గదా,
దండెం మీద జెర్సీలు ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు.
పదహారు దగ్గర ఆగాడు.
నావేపు చూళ్లేదు.
బల్ల మీద కూచుని కొత్త పేజీ తీసి
"ఈసారి" అని రాశాడు.
కలం విదిలించాడు. మళ్లీ విదిలించాడు.
సిరా అయిపోయిందన్నాడు.

వాన మళ్లీ పట్టుకుంది.
ఇద్దరం లేచి
జెర్సీలు లోపలికి లాగాం.